పదమూడు మణుగుల పచ్చిపిప్పి

నేను పాఠం తప్పు చెబుతున్నానని తనిఖీ పుస్తకంలో రాసిన రోజు 1965 ఫిబ్రవరి 9, మంగళవారం. పెనుకొండలో నేను పనిచేసే ఆడపిల్లల బడి, పదో తరగతి, మూడో పీరియడు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ల మూడు నెలలు. సైన్సు టీచరుగా చేరి ఇరవై నెలలయింది. ఇంకో నాలుగు నెలలు గడిస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. రాసినావిడ ఆడపిల్లల బడులకు ఇన్‌స్పెక్ట్రెస్. ఇంగ్లీషులో రాసింది. తెలుగులో చెబితే ఇంతే: "ఈ ఉపాధ్యాయిని శాస్త్రానికి విరుద్ధమైన సంగతులు బోధిస్తున్నది."

ఆ వాక్యాన్ని నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. అయితే ఆ రోజు పాఠంలో తప్పు ఒకటి నిజంగానే ఉంది. ఆమె పట్టుకున్న తప్పు అది కాదు. ఆ రెండూ వేరువేరని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ జనవరి నెలాఖరులో పత్రికలో ఒక వార్త వచ్చింది. బొంబాయి పక్కన అణురియాక్టరులో వాడి తీసేసిన యురేనియం కడ్డీలను యాసిడ్‌లో కరిగించి, అందులోంచి ప్లుటోనియం అనే కొత్త ఇంధనాన్ని వేరు చేసే కర్మాగారాన్ని మన దేశంలోనే కట్టారని. మా పాఠ్యపుస్తకంలో అణువు గురించి ఒక్క పేజీ ఉండేది. అందులో ఇదేమీ లేదు. నేను అనంతపురంలో బి.ఎస్సీ. చదివేటప్పుడు కొన్న ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. దాన్ని ముందు పెట్టుకుని పిల్లలకు చెప్పాను. యురేనియంలో మండేది కొంచెమే. మండనిదే ఎక్కువ. మండే దాంట్లోంచి న్యూట్రాన్లు ఎగిరిపడతాయి. అవి మండని యురేనియానికి తగిలితే, అది మెల్లమెల్లగా మారి, మండే ప్లుటోనియం అవుతుంది. మారినదాన్ని వేరు చేసి మళ్లీ వాడుకుంటారు. మన దేశంలో యురేనియం తక్కువ. థోరియం మటుకు కేరళ సముద్రపు ఇసుకలో దండిగా ఉంది. థోరియాన్ని కూడా ఇలాగే మార్చుకోవచ్చునని, అందుకే మనవాళ్లకు దీని మీద ఇంత పట్టుదలని చెప్పాను.

రెండో వరుసలో కూర్చునే రొద్దం పిల్ల లేచింది.

"టీచర్, కాలిపోయిన కట్టెను మళ్లీ కాలుస్తారా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అడగదగిన ప్రశ్నే. "మీ ఇండ్లలో చెరకు గానుగ ఆడించేవాళ్లు ఎంతమంది?" అన్నాను. ఇరవై ఎనిమిది మందిలో పదకొండు చేతులు లేచాయి. నాకు దారి దొరికిందనుకున్నాను.

హిందూపురానికి నాలుగు మైళ్ల దూరంలో మా నాయనకు బావి కింద రెండెకరాల చెరకు, ఎద్దులు తిప్పే ఇనుప గానుగ ఉండేవి. గానుగలో చెరకు నలిగితే రసం ఒక పక్కకు, పిప్పి ఇంకో పక్కకు పడుతుంది. పచ్చి చెరకును పొయ్యిలో పెడితే మండదు. నలిగిన పిప్పిని కళ్లంలో పరిచి ఎండబెడితే నాలుగైదు రోజులకు మండే సరుకవుతుంది. దానితోనే రసం కాచే పెద్ద పెనం కింద మంట వేసి, ఆ రసాన్నే బెల్లంగా వండుతారు. గానుగ మొదలైన నాలుగైదు రోజులు మాత్రం బయటి కట్టెలు తెచ్చుకోవాలి, ఎండిన పిప్పి ఇంకా చేతికి రాదు కాబట్టి. ఆ తర్వాత చెరకే చెరకును వండుకుంటుంది. రియాక్టరుకూ మొదట బయటి నుంచి తెచ్చిన ఇంధనం కావాలి. వాడి తీసిన కడ్డీలను కూడా వెంటనే ముట్టుకోరు, నెలల తరబడి పక్కన ఉంచుతారు. అక్కడ నీళ్లలో, ఇక్కడ ఎండలో. ఇంత బాగా కుదిరిన పోలికను ఏ టీచరు వదులుకుంటుంది?

నోటిమాటగా చెప్పి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? శనివారం పాసింజరుకు హిందూపురం పోయి, జనవరి 31 ఆదివారం మా గానుగ దగ్గర తూకం వేశాను. ఒక పెనం బెల్లానికి పొయ్యిలో కాలిన పిప్పి తొమ్మిది మణుగులు. అదే పెనానికి ఆడించిన చెరకు నుంచి పడిన పిప్పి పదమూడు మణుగులు. మణుగంటే మా వైపు పదకొండు కిలోల పైచిల్లర.

ఫిబ్రవరి 9న ఆ లెక్కే బోర్డు మీద రాశాను. తొమ్మిది కాలింది, పదమూడు వచ్చింది, మిగులు నాలుగు. "కాల్చినదానికంటే ఎక్కువ ఇంధనం చేసుకునే రియాక్టర్లు కూడా ఉన్నాయి. అమెరికాలో, బ్రిటన్‌లో చిన్నవి కట్టి నడిపిస్తున్నారు" అన్నాను.

వెనక బెంచీలో కూర్చున్న ఇన్‌స్పెక్ట్రెస్ "ఆగండి" అంది. కోస్తా సర్కారు జిల్లాల మనిషి, మాట మెత్తగా ఉంటుంది. "శక్తిని పుట్టించలేం, నశింపజేయలేం. ఇది ఏ తరగతిలో చెబుతారండీ?"

"ఎనిమిదో తరగతిలో, మేడమ్. నేనే చెబుతాను."

"మరి తొమ్మిది కాల్చి పదమూడు సంపాదించడమేమిటి? అయితే రాత్రంతా దీపం వెలిగించి, పొద్దున్నే సీసాలోకి ఇంకాస్త ఎక్కువ కిరసనాయిలు వంచుకోవచ్చన్నమాట!"

పిల్లలు కిసుక్కుమన్నారు.

"కిరసనాయిలు కానిదాన్ని కిరసనాయిలుగా మార్చే గుణం ఆ దీపానికే ఉంటే వంచుకోవచ్చు, మేడమ్. శక్తి కొత్తగా పుట్టదు. మండని పదార్థంలో దాగి ఉన్నదే బయటికొస్తుంది."

"నాకు పాఠం చెబుతున్నారా?"

"మీరు అడిగారు, చెప్పాను."

ఆమె కలం తీసింది.

సాయంత్రం హెడ్మిస్ట్రెస్ నన్ను తన గదికి పిలిచింది. కదిరి పక్క మనిషి, మనసు మంచిది, పై ఆఫీసరంటే మాత్రం వణుకు. పదిహేను రోజుల్లో, అంటే ఫిబ్రవరి 24 లోపల, నేను రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలట.

"ఏమ్మా, ఆయమ్మతో పంతమేంది నీకు? 'పొరపాటు జరిగింది, ఇంక పాఠ్యపుస్తకం దాటను' అని రెండు ముక్కలు రాసియ్యి. ఆయమ్మ సంతోషపడతాది, నేను నిద్రపోతాను."

"పొరపాటు యాడ జరిగిందో చెప్పండి, రాసిస్తా."

"నోరు తెరిచిన కాడే జరిగింది!" అని తలపట్టుకుంది. కాసేపటికి గొంతు తగ్గించింది. "నీ ఉద్యోగం పోతే నీ ఒక్కదానితో పోదు, అది తెలుసుకో. సైన్సు చెప్పే ఇంకో ఆడమనిషిని నేను యాడ తెచ్చేది? జూన్‌లో సైన్సు సెక్షను ఎత్తేస్తారు. తొమ్మిదిలో ముప్పై ఒక్కమంది సైన్సు అడిగి ఉండారు. అందరినీ కుట్లు, వంట నేర్చుకోమని పంపాల్సొస్తాది."

ఆ మాట నా మీద పనిచేసింది, ఆమె అనుకున్న వైపు మాత్రం కాదు. ఒక్క పెనం తూకం సరిపోదు, ఇంకో మూడు పెనాలు తూచి, తారీఖులతో సహా రాసి జవాబుకు జతచేయాలనుకున్నాను.

ఫిబ్రవరి 14, ఆదివారం. మా గానుగ దగ్గర పొయ్యిలో మంట వేసే తాత మా ఊరి క్రైస్తవుల ఇండ్లలోని మనిషి. పొద్దున ప్రార్థనకు పోయొచ్చి, పది గంటలకు పొయ్యి ముందు కూర్చునేవాడు. పెనంలో రసం పొంగే తీరు చూసి, ఎంత పిప్పి ఎప్పుడు తోయాలో ఆయనే చెప్పాలి. మా నాయన కూడా ఆయన మాట దాటడు. నేను తక్కెడ కట్టడం చూసి ఆయన పిలిచాడు.

"ఏం చిన్నమ్మా, మళ్లీ తక్కెడ పట్టుకున్నావు? పోయిన తూరి తూకమేసింది సాల్లేదా?"

"సాక్ష్యానికి, తాతా. పదమూడు మణుగుల పిప్పి వచ్చిందంటే మా పై ఆఫీసరమ్మ నమ్మలేదు."

"పదమూడా! యాడిది?"

"ఈడిదే. గానుగ కింద పడింది."

ఆయన చేతిలోని కట్టె పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చిందాకా నవ్వాడు.

"అది పచ్చిది గదమ్మా! దాంట్లో సగం నీళ్లే. నేను పొయ్యిలో తోసింది ఎండుది. పచ్చిది ఒక పక్క తూకమేసి, ఎండుది ఒక పక్క తూకమేసి, రెండూ ఒకటేనంటివా? పచ్చిది పెడితే పొగొస్తాది గాని పాకమొస్తాదా? బి.ఎస్సీ.లో ఇదేనా నేర్పించింది?"

తక్కెడ కింద పెట్టాను.

"అయితే పిప్పి మిగలదా, తాతా?"

"మిగిలేదా? ఆ కందికట్టె కుప్ప ఆడ ఎందుకుండాదనుకున్నావు, నీ పెండ్లికి పందిరేయనీకా? దినామూ దాన్ని కలుపుతానే ఉండా. నువ్వు లెక్క రాసుకున్న దినం మీ నాయనే చెప్పినాడు, చిన్నమ్మకు పిప్పి లెక్క గావాలంట, కట్టె కలపొద్దని."

ఆ కందికట్టె కుప్పను నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఏటా చెరకు నరకకముందే అది గానుగ పక్కకు చేరుతుంది. చూశాను కాని లెక్కలోకి తీసుకోలేదు. గానుగ దగ్గర పుట్టి పెరిగినదాన్ని, పచ్చికీ ఎండుకీ తేడా చెప్పించుకోవాల్సి వచ్చింది. అది చదువు చేసిన మేలు. బోర్డు మీద అంకె వేయగానే నాకు చెరకు కనబడడం మానేసింది.

ఆ రోజూ ఒక పెనానికి పదమూడు మణుగులే పడింది. దాన్ని విడిగా పరిపించి, ఎవరూ ముట్టకుండా చూడమని తాతకు చెప్పి వచ్చాను. మరుసటి ఆదివారం, 21న, పోయి తూచాను. ఏడు మణుగులు. రెండోసారి తూచాను. ఏడే. తొమ్మిది కాల్చి ఏడు. మిగులు నాలుగన్నది ఉత్తదే, నిజానికి లోటు రెండు.

నాయన తక్కెడ ముల్లు దగ్గర నిలబడి అంతా చూశాడు.

"ఈ సంగతి ఆయమ్మకు ఎవురు చెప్తారు, నువ్వు చెప్పకుంటే?"

"ఎవురూ చెప్పరు."

"మరి ఊరకుండు. పదమూడు పడింది నిజమే. పదమూడే రాయి. అబద్ధం గాదు గదా."

"అబద్ధం గాదు నాయనా. లెక్కా గాదు."

"నిజం రాసిస్తే 'నువ్వే ఒప్పుకుంటివి పో' అని పంపేస్తాది."

"పంపేయొచ్చు."

నాయన తక్కెడ విప్పుతూ అన్నాడు: "పంపిస్తే ఇంటికి రా. నీ జీతం దుడ్లతో గాదు గదా మనం బతికేది. పొయ్యి కాడ తాతకు లెక్కలు రాసిద్దువు గాని." నన్ను ఉడికించాలని అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఒక్కమంది కళ్ల ముందు ఉన్నారు. పెనుకొండకు తిరిగి పోయే పాసింజరులో ఆ ఒక్క లెక్కే వేసుకుంటూ కూర్చున్నాను. నా తప్పు దాచిపెడితే సెక్షను నిలబడొచ్చు, బయటపెడితే పోవచ్చు. అయితే గానుగ నేను పెట్టిన పోలిక మాత్రమే. అది ఓడింది. రియాక్టరు లెక్క పిప్పిది కాదు, న్యూట్రాన్లది. ఒక ప్లుటోనియం కేంద్రకం విరిగితే బయటికొచ్చేవి సుమారు మూడు. ఒకటి మంటను నిలబెట్టడానికి పోవాలి. ఒకటి, కాలిపోయినదానికి బదులు ఇంకొకటి తయారుచేయడానికి. మిగిలినదాంట్లో కొంత వృథా, కొంత లాభం. వృథాను తగ్గించుకుంటే మిగులు తప్పదు. ఇందులో పచ్చి, ఎండు లేవు. ఈ లెక్కను నేను ఎటు తిప్పి వేసినా నిలబడింది.

సోమవారం మూడో పీరియడులో పదమూడును కొట్టేసి ఏడు వేశాను. నాది తప్పని, ఎక్కడ తప్పానో, ఎవరు చూపించారో అంతా చెప్పాను. రొద్దం పిల్ల మెల్లగా లేచింది.

"టీచర్, మా ఇంట్లోనూ కందికట్టె కలుపుతారు. ఆ దినమే అనుకున్నా."

"అనుకుంటే అడగలేదేం?"

"మీరు చెప్తాండారు గదా అని ఊరకున్నా."

ఇంకో నలుగురు తలలూపారు. వాళ్లకూ తెలుసట. పదకొండు గానుగల పిల్లలు నా తప్పు లెక్కను శుభ్రంగా నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకుని కూర్చున్నారు. తనిఖీ పుస్తకంలోని వాక్యం కన్నా ఇది నాకు ఎక్కువ తగిలింది. హెడ్మిస్ట్రెస్ నన్ను చేయమన్నదీ ఇదే. తెలిసీ ఊరకుండడం. ఆ సాయంత్రం జవాబు రాశాను. తూకం తప్పని, అది నాదని ఒక వాక్యం. సరైన తూకం ఇంకో వాక్యం. న్యూట్రాన్ల లెక్క ఒక పేజీ. చివర "పాఠాన్ని ఉపసంహరించుకోను" అని.

ఫిబ్రవరి 23న సెలవు పెట్టి ధర్మవరం పోయాను. ఇన్‌స్పెక్ట్రెస్ అక్కడ ప్రయాణికుల బంగళాలో మకాం ఉంది. నేను పోయేసరికి వరండాలో ఒక నేతాయన పట్టుచీరలు పరిచి ఉన్నాడు. నన్ను చూడగానే ఆమె వాటిని మడిపించేసింది. కాగితం తీసుకుని నిలబడే చదివింది. మొదటి పేజీ అయ్యాక కుర్చీలో కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివింది. నన్ను మాత్రం కూర్చోమనలేదు.

"అంటే తప్పు ఒప్పుకున్నారు."

"తూకంలో ఒప్పుకున్నాను. పాఠంలో ఒప్పుకోలేదు."

"తూకం తప్పయితే పాఠం తప్పు కాదా?"

"రియాక్టరు పిప్పితో నడవదండీ."

ఆమె కళ్లజోడు మీద నుంచి చూసింది. "ఈ తూకం సంగతి నేను అడగలేదే. అడగని తప్పు ఎందుకు చెప్పుకున్నారు?"

"బోర్డు మీద రాసింది నేను. నిన్న అక్కడా దిద్దాను."

"పిల్లల ముందా?" అని ఆగింది. ఆ ఒక్కసారే ఆమె ముఖంలో ఆఫీసరు పోయి టీచరు కనబడింది. వెంటనే సర్దుకుంది. "మీరు చెప్పే ఆ మిగులు రియాక్టరు మన దేశంలో ఉందా?"

"లేదు. ఇంకా పరిశోధనే."

"అయితే వచ్చాక చెబుదురుగాని."

"అప్పటికి ఈ పిల్లలు బడిలో ఉండరు మేడమ్."

ఆమె చాలాసేపు కాగితం మీద వేలు కదుపుతూ ఉంది. న్యూట్రాన్ల లెక్కను మనసులో వేసుకుంటోందో, నన్నేం చేయాలో ఆలోచిస్తోందో నాకు తెలియదు. ఆఖరికి అంది: "నేను రాసిన వాక్యాన్ని కొట్టేయలేను. మీరు ఈ చివరి మాట తీసేస్తే, కింద 'సరిదిద్దబడింది' అని రాస్తాను. ఇద్దరికీ గౌరవంగా ఉంటుంది. తీసేయకపోతే?"

"తీసేయకపోతే, నేను ఒప్పుకోలేదని రాయండి."

"చెడ్డ మొండివారండీ మీరు" అంది. రాసింది.

జూన్‌లో నా ఉద్యోగం ఖాయం కాలేదు. నన్ను తీసేయనూ లేదు. ప్రొబేషను ఇంకో ఏడాది పొడిగించారు. సెక్షను నిలిచింది. ఆమె కాగితంలో ఏం రాసి పంపిందో నాకు ఎవరూ చూపించలేదు, నేను అడగలేదు. ఏడాది ఆలస్యంగా 1966 జూన్‌లో ఖాయమైంది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. "ఉపాధ్యాయిని ఒప్పుకోలేదు" అన్న మాట నా సర్వీసు కాగితాల్లో అట్లాగే ఉండేది. గుమాస్తాలు ఇద్దరు ముగ్గురు, పాత సంగతే కదా, తీయించేద్దామమ్మా అన్నారు. వద్దన్నాను. దానికోసం నేను ఒక ఏడాది ఇచ్చుకున్నాను.

ఇంకో తప్పు కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్లలో కేరళ ఇసుకతో పెనుకొండలో దీపాలు వెలుగుతాయని ఆ పిల్లలకు చెప్పాను. ఇరవై కాదు, దానికి రెండింతలు దాటినా ఆ దీపం రాలేదు. అనుకున్నదానికంటే అది చాలా కష్టమైన పని. అంకె నేను ఊహించి వేసింది, పచ్చిపిప్పి తూకం లాంటిదే. ఎవరైనా నన్ను పట్టుకుని అడిగితే అంకె కొట్టేస్తాను, పాఠం కొట్టేయను.

1965 జూన్‌లో బడి తెరిచిన రెండో వారం, ముప్పై ఒక్కమంది కొత్తగా పదిలోకి వచ్చారు. పాఠ్యపుస్తకంలోని ఆ ఒక్క పేజీ అవగానే పుస్తకం మూసి, అదే పాఠం మొదలుపెట్టాను. కాల్చినదానికంటే ఎక్కువ అన్న చోటికి రాగానే, గోరంట్ల నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"టీచర్, ఇది మీరు తూకమేసి చెప్తాండారా, ఊరకనే చెప్తాండారా?"

వెనక ఎవరో "ఉష్" అన్నారు.

"పుస్తకంలో చదివి చెప్తాండా. తూకమెయ్యలేదు" అన్నాను. "ఇట్లాంటివి ఇంకెవరికైనా ఉంటే ఇప్పుడే అడగండి."

ఆరు చేతులు లేచాయి. గంట కొట్టే సరికి రెండో ప్రశ్న దగ్గరే ఉన్నాం. లెక్కల టీచరు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కాసేపు ఉండమన్నాను.